సోషల్ మీడియా డిజైన్ మన వ్యక్తిత్వాన్ని నిజంగా మారుస్తుందా?

మారుస్తుంది, కానీ బలవంతంగా కాదు. ఫేస్‌బుక్ కంటే ముందొచ్చిన మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌లో ఎవరి పేజీకి రంగులు, పాటలు వాళ్లే పెట్టుకునేవారు (చాలావరకు చూడ్డానికి గందరగోళమే అనుకోండి). 2004లో వచ్చిన ఫేస్‌బుక్ అందరికీ ఒకే మూస ఇచ్చింది. అసలు మలుపు మాత్రం 2009 నాటి లైక్ బటన్ అని నా అభిప్రాయం. మన మాట ఎంతమందికి నచ్చిందో అంకెల్లో కనిపించేసరికి, ఏం రాస్తే లైకులొస్తాయో ముందే ఊహించుకుని రాయడం అలవాటవుతుంది. బాగా స్పందన వచ్చినదాన్నే అల్గారిదమ్ ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది, వాళ్లూ దాన్నే అనుకరిస్తారు. రీల్స్‌లో అవే పాటలు, అవే స్టెప్పులు కనిపించేది అందుకే. 2021లో ఇన్‌స్టాగ్రామ్ లైకుల సంఖ్య దాచుకునే వీలు కల్పించింది. కాకపోతే అది మనమే వెతికి పెట్టుకోవాల్సిన సెట్టింగ్. చాలామంది దాని జోలికే పోరు.