కాపలా కాసిన రాత్రి దొంగ రాలేదేం?

ప్రశ్న: సార్, మాది తిరుపతి కొర్లగుంటలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. అసోసియేషన్ సెక్రటరీని నేనే. ఫిబ్రవరి నుంచి మా సెల్లార్‌లో బైకుల పైపులు లాగి పెట్రోల్ పట్టుకుపోతున్నారు. తేదీలన్నీ నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. 2025 ఫిబ్రవరి 7, 13, 20, మార్చి 6, ఏప్రిల్ 18, 30, మే 8, 16. మా అమ్మాయి వాటిని ఎక్సెల్‌లో వేసి, సగటు తీసి, మళ్ళీ మే 30న వస్తాడు అంది. ఆ రాత్రి ఆరుగురు టార్చిలైట్లు పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నారు. పిల్లి కూడా రాలేదు. తీరా జూన్ 4 రాత్రి మూడు బళ్ళు ఖాళీ అయ్యాయి. ఇప్పుడందరూ మా అమ్మాయిని ‘సోది చెప్తావా’ అని ఏడిపిస్తున్నారు. ఫార్ములాది తప్పా, మాది తప్పా? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు మీ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండమ్మా. నోట్‌బుక్ రాసిన మీకూ. తేదీ రాసిపెట్టుకునే ఇల్లు వందలో ఒకటి కూడా ఉండదు. ‘మొన్నామధ్య పోయింది, దసరా ముందెప్పుడో పోయింది’ అనేవాళ్ళకు ఏ ఫార్ములా అక్కరకొస్తుంది?

మీ అమ్మాయి వేసిన లెక్క నేనూ వేసి చూశాను. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒట్టి అంకె. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తుంది. మే 16 దాని దృష్టిలో 45793. అందుకే ఒక తేదీలోంచి ముందు తేదీ తీసేస్తే మధ్యలో ఎన్ని రోజులో వచ్చేస్తుంది. మీ ఎడాలు వరసగా 6, 7, 14, 43, 12, 8, 8. కూడితే 98, ఏడుతో భాగిస్తే 14. మే 16కు 14 కలిపితే మే 30. లెక్కలో వంకలేదు.

ఆ వరసలో 43ని ఒకసారి చూడండి. మిగతావన్నీ 6 నుంచి 14 మధ్య ఉంటే అదొక్కటి తాడిచెట్టులా నిలబడింది. సగటును పైకి లాగింది అదే. మధ్యగతం, అంటే మీడియన్, చిన్నదాన్నుంచి పెద్దదాకా పేరిస్తే సరిగ్గా నడుమ నిలిచే అంకె, తీసి ఉంటే 8 వచ్చేది. అప్పుడు మే 24న కాపలా కాసేవాళ్ళు. ఆ రోజూ దొంగ రాలేదు, అది వేరే సంగతి. ఇక సగటుతో పాటు వేయాల్సిన ఎస్‌టీడెవ్ ఫార్ములా, అదే ప్రామాణిక విచలనం, అంటే ఎడాలు సగటుకు ఎంత అటూఇటూగా ఉన్నాయో చెప్పేది, వేస్తే 13 వస్తుంది. అంటే లెక్క నిజంగా చెప్పింది ‘మే 30’ అని కాదు. ‘మే 30కి అటు పదమూడు, ఇటు పదమూడు రోజులు’ అని. మే 17 నుంచి జూన్ 12 దాకా. జూన్ 4 అందులోనే ఉంది! ఫార్ములా తప్పలేదమ్మా. కాకపోతే 27 రాత్రులు ఎవరు మేలుకుంటారు?

నవ్వుకోనంటే నా సంగతి ఒకటి చెప్తాను. పదిహేనేళ్ళ కిందట బైరాగిపట్టెడలో మా వీధిలో వరసగా ఇళ్ళ వెనక సామాన్లు పోయేవి. అప్పటికి ఇరవయ్యేళ్ళుగా స్టాటిస్టిక్స్ పాఠం చెప్తున్నవాణ్ణి, ఊరుకుంటానా? అయిదు తేదీలు పట్టుకుని గురువారం అని తేల్చాను. వీధంతా కర్రలు పట్టుకుని కూర్చుంది. మా ఆవిడ రెండు ఫ్లాస్కుల కాఫీ పంపింది. ఏమీ జరగలేదు. శనివారం పొద్దున చూస్తే మా ఇంటి వెనక గ్యాస్ సిలిండర్ లేదు. మా ఆవిడ ఇప్పటికీ నేను ‘లెక్క ప్రకారం’ అని నోరు తెరిస్తే ‘సిలిండర్’ అంటుంది.

అందుకే మీకు ఫోన్ చేసి మొదట ఆ 43 రోజుల గురించే అడిగాను. ఆ రోజుల్లో మీ వీధిలో ఏం లేదు అని. ‘ఏమీ లేదు సార్, పక్కన కల్యాణ మండపం కూడా మూసే ఉంది’ అన్నారు. అక్కడ దొరికింది. మీరు మేనేజర్ దగ్గరికి వెళ్ళి బుకింగ్ డైరీ తెచ్చి నాకు పంపారు చూడండి, ఆ ఒక్క డైరీ సగటు, విచలనం అన్నిటికంటే ఎక్కువ చెప్పింది. ఫిబ్రవరి 7 నుంచి జూన్ 4 దాకా 118 రాత్రులు. మండపంలో ఫంక్షన్ ఉన్నవి 31. పోయిన తొమ్మిది రాత్రుల్లో ఎనిమిది అందులోవే. మార్చి 6 ఒక్కటి బయట. అంటే ఫంక్షన్ ఉన్న రాత్రుల్లో సుమారు నాలుగింట ఒకటి, లేని 87 రాత్రుల్లో ఒకే ఒక్కటి. మే 30న మండపానికి తాళం. మీవాళ్ళు దోమలకు విందు పెట్టారంతే.

పెళ్ళిరోజున మీ సందులో కార్లు, వ్యాన్లు, కొత్త ముఖాలు. మీ గేటు తెరిచే ఉంటుంది. ఎవరొచ్చినా పెళ్ళికొచ్చారనుకుంటాం. ముహూర్తాలు గుంపులుగా వస్తాయి, తర్వాత మూఢమనో శూన్యమాసమనో నెలల తరబడి ఉండవు. పంచాంగం చూసి నడిచేదాన్ని సగటుతో కొలిస్తే ఎలా కుదురుతుంది?

ఇంకొకటి కూడా కనపడింది. తొమ్మిదీ బుధ, గురు, శుక్రవారాలే. శని ఆదివారాలు మీ సెల్లార్‌లో పిల్లలు పదకొండు దాకా షటిల్ ఆడతారని మీరన్నారు కాబట్టి ఇది నమ్మబుద్ధవుతోంది. ఫంక్షన్ ఉన్న బుధ, గురు, శుక్రవారాలు 14 అయితే అందులో 8 రాత్రులు పోయింది. కానీ ఇక్కడ నన్ను నేనే ఆపుకుంటున్నాను. తొమ్మిది తేదీలను ముక్కలు ముక్కలుగా కోస్తూ పోతే ఏదో ఒక ముగ్గు కనపడుతుంది. నా గురువారం అలాంటిదే. మండపం సంగతికి కారణం కంటికి కనపడుతోంది కాబట్టి దానికి ఎక్కువ మార్కులు వేశాను.

ఇక టైము. మీ షీట్‌లో ‘దొంగతనం జరిగిన సమయం’ అని ఒక వరస ఉంది, అందులో చాలా గడుల్లో మధ్యాహ్నం 1:45. పట్టపగలు పెట్రోల్ లాగాడా అని ఉలిక్కిపడ్డాను. తర్వాత అర్థమైంది. బండి పెట్టింది రాత్రి 9:30, చూసుకున్నది పొద్దున 6:00. రెండింటినీ కూడి సగం చేశారు. 21:30, 6:00 కలిపి సగం చేస్తే 13:45 రాక ఏమవుతుంది? మధ్యలో రోజు మారిన సంగతి ఎక్సెల్‌కు ఎవరు చెప్పారు? గడిలో టైముతో పాటు తేదీ కూడా రాయండి. లేదా ఎమ్, ఓ, డి అక్షరాల మాడ్ ఫార్ములా పెట్టి, చూసిన టైములోంచి పెట్టిన టైము తీసేసి ఒకటితో శేషం అడగండి. ఎనిమిదిన్నర గంటలు వస్తుంది. అందులో సగం పెట్టిన టైముకు కలిపితే రాత్రి 1:45.

అదీ అంత మంచిది కాదు. ఆ రాత్రి ఎనిమిదిన్నర గంటల్లో ఎప్పుడైనా జరిగి ఉండొచ్చు, నడిమి నిమిషంలో జరిగిందని ఎవరు చూశారు? దీనికి అయోరిస్టిక్ అని ఒక పద్ధతి ఉంది. లండన్‌లో పోలీసుగా చేసి తర్వాత ప్రొఫెసర్ అయిన జెర్రీ రాట్‌క్లిఫ్ 1990ల చివర్లో దాన్ని నేరాల లెక్కల్లోకి తెచ్చాడు. పేరు గంభీరం, పని పప్పుబెల్లాలు పంచడం. ఒక దొంగతనం విలువ ఒకటి. తొమ్మిది గంటల వ్యవధి ఉంటే గంటకు తొమ్మిదో వంతు, మూడు గంటలే ఉంటే గంటకు మూడో వంతు. అన్నీ గంటల వారీగా కూడడమే.

మీ దగ్గర ఏడు రాత్రులు తొమ్మిది నుంచి ఆరు దాకా అనుకుందాం. రేణిగుంటలో రైల్వే డ్యూటీకి వెళ్ళే ఆయన తొమ్మిదికి పెట్టి పన్నెండుకు చూసుకున్నాడు. తిరుమల నడకకు బయల్దేరిన కుటుంబం పదికి పెట్టి ఒంటిగంటకు చూసుకుంది. కూడితే పది నుంచి పన్నెండు మధ్య ప్రతి గంటకూ 1.44, తెల్లవారుజామున మూడింటికి 0.78. అంటే పెళ్ళిభోజనాలు అవుతున్న వేళే. ఇద్దరే ఇద్దరు తొందరగా చూసుకోబట్టి ఇంత తెలిసింది. మీవాళ్ళు అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా కళ్ళు పొడుచుకోనక్కర్లేదు.

ఉత్తరం చివర మీరు ఇస్త్రీబండి కుర్రాడి మీద అనుమానం రాశారు. అది అచ్చు వేయలేదు. మీ షీట్‌లో తేదీ ఉంది, టైము ఉంది, మనిషి లేడు. ఆ పేరు అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో కూడా పెట్టకండి.

జూన్ 4 కూడా కలిపి సగటు వేస్తే తర్వాతిది జూన్ 18, 19 అంటుంది. దయచేసి ఎవరినీ కూర్చోబెట్టకండి. డైరీలో ఆ వారం బుకింగ్ లేదు. జూన్ 26 నుంచి జూలై 24 దాకా ఆషాఢం. నా చూపంతా శ్రావణం మీద ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీన మేనేజర్‌ను అడిగి ఫంక్షన్ తేదీలు లిఫ్ట్ తలుపు మీద అంటించండి. ఆ రాత్రుల్లో తొమ్మిదిన్నరకే గేటు వేసి, సెల్లార్‌లో రెండు ట్యూబ్‌లైట్లు వెలిగించండి. పోలీస్ స్టేషన్‌కు వెళ్ళేటప్పుడు ఈ షీట్ ప్రింట్ తీసుకెళ్ళండి. పోయింది లీటరు పెట్రోలే అని మొహమాటపడొద్దు.

ప్రశ్న: నేరం ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ అమెరికా పోలీసుల దగ్గర ఉందంటారు. నిజమేనా? – డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: ఉండేది. ప్రెడ్‌పోల్ అని దాని పేరు. భూకంపం వచ్చాక ఆ చుట్టుపక్కలే చిన్నచిన్న ప్రకంపనలు వస్తాయి కదా, ఆ లెక్కను దొంగతనాలకు వాడారు. ఒక ఇంట్లో దొంగ పడితే కొన్ని రోజులదాకా ఆ ఇంటికీ పక్కిళ్ళకూ ప్రమాదం ఎక్కువ. ఇది చాలా దేశాల్లో గమనించిన విషయమే. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ పోలీసులు 2011లోనే దాన్ని ప్రయోగించి చూశారు. అదే ఊరు 2020లో అలాంటి పద్ధతులను నిషేధించింది. లాస్ ఏంజెలెస్ పోలీసులూ ఆ ఏడాదే ప్రెడ్‌పోల్ వాడకం మానేశారు.

చిక్కెక్కడంటే, కంప్యూటర్‌కు తెలిసేది రాసిన కేసులే. ఒక వీధికి రోజూ కానిస్టేబుల్‌ను పంపితే అక్కడ చిన్న గొడవ కూడా కేసవుతుంది. కేసులు పెరిగాయి కాబట్టి మళ్ళీ అక్కడికే పంపమంటుంది. పక్క వీధిలో అదే గొడవ జరిగినా రాసేవాడు ఉండడు. మీరు స్టాటిస్టిక్స్ చదువుతుంటే దీని మీద ప్రాజెక్ట్ చేయండి, నాకు పంపండి.

ప్రశ్న: మా షాపు గల్లాలో డబ్బు తగ్గిన తేదీలు ఎక్సెల్‌లో కొడుతున్నాను. కొన్ని గడిలో ఎడమవైపు, కొన్ని కుడివైపు అతుక్కుంటున్నాయి. తీసివేస్తే కొన్నింటికి ఎర్రర్, కొన్నింటికి వందల రోజులు వస్తోంది. టెన్షన్‌గా ఉంది. – వ్యాపారి, చంద్రగిరి

జవాబు: మీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంది. వాళ్ళకు నెల ముందు, రోజు తర్వాత. మీరు 7/2 అని ఫిబ్రవరి ఏడు కొడితే అది జూలై రెండు అనుకుని కుడివైపు పెట్టింది. 13/2 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి తేదీగా ఒప్పుకోకుండా మాటలాగా ఎడమవైపు వదిలేసింది. ఎర్రర్ వచ్చేవి నయం, కనపడతాయి. కుడివైపు బుద్ధిగా కూర్చున్న తప్పు తేదీలే ముంచేవి. కంప్యూటర్ సెట్టింగ్స్‌లో రీజియన్‌ను ఇండియాకు మార్చి, పాతవన్నీ చెరిపి మళ్ళీ కొట్టండి. ముప్ఫై తేదీలేగా, అరగంట పని. కొట్టాక గడి ఫార్మాట్‌ను నెల పేరు కనపడేలా మార్చుకుని, బిల్లు పుస్తకంతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి.