మీరడిగారు: జనం ఎప్పుడు మూక అవుతారు?

ప్రశ్న (కావలి నుంచి ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు): ఫిలిప్పీన్స్‌లో 1986లో రోడ్డెక్కిన జనాన్ని ‘పీపుల్ పవర్’ అని ప్రపంచమంతా మెచ్చుకుంది. 2001 జనవరిలో వచ్చినవాళ్ళకీ అదే పేరు. కానీ అదే ఏడాది మే ఒకటిన వచ్చిన పేదల్ని మాత్రం అల్లరిమూక అన్నారు. మూడూ జనమే కదా సార్, పేదవాళ్ళు కావడమే తప్పా?

జవాబు: మాస్టారూ, సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. మిగతా సగానికి కొంచెం వెనక్కి పోవాలి.

1972లో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టాడు. 1983 ఆగస్టు 21న ప్రతిపక్ష నాయకుడు నినోయ్ అక్వినోని రాజధాని మనీలాలో విమానం దిగీ దిగగానే కాల్చి చంపారు. ఆయన భార్య కొరజోన్ 1986 ఫిబ్రవరి 7న జరిగిన ఎన్నికల్లో మార్కోస్ మీద నిలబడింది. అందరూ ట్యాంకుల ముందు నిలబడ్డ జనం గురించి చెబుతారు గానీ, నా మనసులో నిలిచిపోయింది అంతకు రెండు వారాల ముందు, ఫిబ్రవరి 9న జరిగిన సంగతి. ఓట్ల లెక్కింపు కేంద్రంలో కంప్యూటర్ల ముందు కూర్చున్న 30 మందికి పైగా ఆపరేటర్లు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, తాము ఎక్కించే అంకెలు ఒకటి, బోర్డు మీద పడే అంకెలు ఇంకొకటి అని గమనించి పని ఆపేసి లేచి బయటికి నడిచారు. కేకల్లేవు, కుర్చీ ఒక్కటి విరగలేదు. పోయి ఒక చర్చిలో తలదాచుకున్నారు. నియంత ఇంకా కుర్చీలో ఉండగా, ఉద్యోగం చేస్తున్న మామూలు మనుషులు ఆ పని చేశారంటే ఆ రాత్రి వాళ్ళ గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి.

ఫిబ్రవరి 22న రక్షణ మంత్రి ఎన్రిలే, సైన్యంలో రెండో స్థానంలో ఉన్న రామోస్ మార్కోస్‌కి ఎదురు తిరిగి మనీలాలో ఎడ్సా అనే పెద్ద రోడ్డు పక్క సైనిక శిబిరాల్లో చేరారు. వాళ్ళని కాపాడండి, తిండి తీసుకెళ్ళండి అని మనీలా క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ హైమే సిన్ రేడియోలో పిలుపిచ్చాడు. లక్షల మంది వచ్చారు. ట్యాంకులొస్తే నన్స్ మోకాళ్ళ మీద కూర్చుని జపమాల తిప్పుతూ ప్రార్థన చేశారు, చంపడానికి వచ్చిన సైనికులకే జనం పూలూ తిండీ సిగరెట్లూ అందించారు. 25న మార్కోస్ కుటుంబంతో సహా దేశం విడిచిపోయాడు. ఆ రాత్రే కొందరు రాజభవనంలోకి తోసుకుపోయి దొరికింది దొరికినట్టు పట్టుకుపోయారు, అది కూడా చెప్పాలి, గొప్ప ఉద్యమం కదా అని దాన్ని దాచిపెట్టకూడదు.

ఇక 2001. ఎస్ట్రాడా 1998లో పేదల ఓట్లతో అధ్యక్షుడిగా గెలిచిన సినిమా హీరో. మన మట్కా లాంటి ‘హ్వెటెంగ్’ అనే జూదం డబ్బు తిన్నాడని ఆరోపణ వచ్చింది, పదవి నుంచి తీసేయడానికి సెనేట్‌లో విచారణ మొదలైంది. జనవరి 16న, ఆయనదే అంటున్న ఒక బ్యాంకు ఖాతాకి సంబంధించిన కవరు తెరవొద్దని 11 మంది, తెరవాలని 10 మంది ఓటేశారు. ఆ రాత్రికే సెల్‌ఫోన్ మెసేజీలతో జనం మళ్ళీ ఎడ్సాకి చేరారు. 19న సైన్యాధిపతి ఎస్ట్రాడాకి మద్దతు లేదన్నాడు, 20న ఉపాధ్యక్షురాలు అరోయో అధ్యక్షురాలిగా ప్రమాణ స్వీకారం చేసింది. విచారణ మధ్యలోనే మిగిలిపోయింది.

ఏప్రిల్ 25న ఎస్ట్రాడాని అరెస్టు చేశారు. అప్పుడు ఆయనకి ఓటేసిన పేదలు అదే ఎడ్సాకి వచ్చారు. మే ఒకటి తెల్లవారుజామున రాజభవనం మీదికి నడిచారు, రాళ్ళు, కర్రలు, వాహనాలకు నిప్పు, కాల్పులు, చావులు. స్నానం లేని జనం, పళ్ళూడిన జనం అని బాగా చదువుకున్నవాళ్ళే వాళ్ళని ఎగతాళి చేశారు. మూడు నెలల కింద తాము చేసింది ప్రజాశక్తి అయితే, ఆ పనిని వీళ్ళు కూడా చెయ్యొచ్చని అనుకోవడంలో తప్పేముంది? నిప్పు పెట్టడం తప్పు. కోపం తప్పు కాదు.

నేను జనాన్ని సంఖ్యతోనో బట్టలతోనో కొలవను మాస్టారూ. వాళ్ళు ఏం అడుగుతున్నారో చూస్తాను. 1986లో అడిగింది ‘మా ఓటు సరిగ్గా లెక్కపెట్టండి’ అని. 2001 జనవరిలో అడిగింది, ఎంత నిజాయితీగా అడిగినా సరే, ‘అవతలివాళ్ళ ఓటుని ఇక లెక్కలోంచి తీసేయండి’ అని. సెనేటర్లు కవరు మూయడం అన్యాయమే, కానీ 1986లో మూతపడ్డట్టు అన్ని తలుపులూ అప్పుడు మూతపడలేదు. 1986 ఉద్యమం రాజ్యాంగానికి బయటిది, 2001ది రాజ్యాంగానికి లోపలిదే అని వాళ్ళ సుప్రీంకోర్టు 2001 మార్చిలో తీర్పు చెప్పింది. తీర్పు తీర్పే. నాకు మాత్రం మనసులో సరిగ్గా తిరగేసి కనిపిస్తుంది.

ప్రశ్న (కందుకూరు నుంచి డిగ్రీ చదివే అమ్మాయి): అంత పోరాడి చివరికి 2022లో మార్కోస్ కొడుకునే గెలిపించుకున్నారు కదా, ఏం లాభం సార్?

జవాబు: లాభం ఉందమ్మా. తండ్రి 20 ఏళ్ళు కుర్చీ వదల్లేదు. 1987లో రాసుకున్న రాజ్యాంగం ప్రకారం కొడుకు ఆరేళ్ళకి దిగాల్సిందే, రెండోసారి నిలబడటానికి లేదు. అతను ఓట్లు వేయించుకునే వచ్చాడు, మూడు కోట్లకి పైగా. అది నాకు నచ్చకపోవచ్చు, కానీ ఆపరేటర్లు లేచిపోయేంత దొంగలెక్క కాదు.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు): మన దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు, ప్యాకెట్లు తగలబెట్టారు. మీ లెక్కలో అది మూక కాదా అన్నా?

జవాబు: సూటిగా అడిగావు తమ్ముడూ. 1992లో నేను కలిగిరి దగ్గర ఒక పల్లెలో తొమ్మిదో తరగతి. దూబగుంట రోశమ్మ పేరు అప్పటికే ఊరూరా పాకింది. రాత్రిబడికి పోయే మా పెద్దమ్మా, ఇంకో ఇరవై మందీ పొద్దున్నే దుకాణం ముందు చేరి ప్యాకెట్లన్నీ రోడ్డు మీద కుప్ప పోశారు. దుకాణంవాడు గోడకి ఆనుకుని వణుకుతున్నాడు. మా పెద్దమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి వాడి చేతికిచ్చి, ‘నువ్వు ఇంటికి పో నాయనా, నీతో మాకు పేచీ లేదు’ అంది. వాడు నీళ్ళు తాగి, ఖాతా పుస్తకం చంకలో పెట్టుకుని పోయాడు. తర్వాత కుప్పకి అగ్గిపుల్ల గీశారు.

ఆస్తి నష్టమే, కాదనను. కానీ ఆ సారా ఊళ్ళోకి పంపింది ఎవరు? వారుణి వాహిని పేరుతో సర్కారే. ఆడవాళ్ళ మాటకి ఊళ్ళో ఓటు లేదు, ఇంట్లో విలువ లేదు, కలెక్టరాఫీసులో వేలం మాత్రం ఉంది. ఆ వేలాన్ని ఆపించి, 1993 అక్టోబరుకి రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చుకున్నారు. అవతలి మనిషి మాత్రం క్షేమంగా ఇంటికి చేరాడు.

కానీ అదే నెలలో పక్క ఊళ్ళో తాగొచ్చిన ఒకాయనకి గుండు గీయించి, చెప్పులదండ వేసి ఊరేగించారు. ఆయన ఆర్నెల్లపాటు రచ్చబండ దగ్గరికి రాలేదు. ఆ రోజు మేం పిల్లలం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు ఆ చప్పట్లు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చేసింది ఆ ఆడవాళ్ళే అయినా, ఆ ఒక్క గంట వాళ్ళు మూకే.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక పెద్దాయన): పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు పస్తుంటే ఢిల్లీ కదల్లేదు. ఆయన పోయి, రైళ్ళు ఆగి గొడవలయ్యాక నాలుగు రోజుల్లో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. గొడవ లేందే ఎవరు వింటారు బాబూ?

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా కుదిపేస్తోంది. మీరు చెప్పింది నిజం. 1952 డిసెంబరు 15న ఆయన పోయారు, 19న నెహ్రూ ప్రకటన వచ్చింది. అంతకు ముందు 1913లో బాపట్ల సభ నాటి నుంచీ దాదాపు నలభై ఏళ్ళు అర్జీలూ తీర్మానాలూ సాగాయి. మనిషి చచ్చేదాకా చెవులు మూసుకున్న ప్రభుత్వానిదే ఆ గొడవల్లో పెద్ద పాపం. మనీలాలో పేదలకీ ఇదే జరిగింది, వాళ్ళ ఓటుని పక్కన పడేసినప్పుడు ఎవరూ వాళ్ళని పిలిచి మాట్లాడలేదు.

అయినా నాకు ఒకటి మింగుడు పడదు. ఆ నాలుగు రోజుల్లో పోలీసు కాల్పులకి పోయినవాళ్ళున్నారు. శ్రీరాములు గారు తన ప్రాణాన్నే పణంగా పెట్టారు, ఇంకొకరిది కాదు. ఆయన పేరు జిల్లాకి ఉంది. కాల్పుల్లో పోయినవాళ్ళ పేర్లు చెప్పగలిగినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలో ఒక్కరూ లేరు. మీ వయసు చూస్తే మీకు ఆ రోజులు కొంచెమైనా గుర్తుండాలి. మీరు గానీ, మీ ఎరికలో ఇంకెవరన్నా పెద్దవాళ్ళు గానీ ఆ నాలుగు రోజులూ మన ఊళ్ళో ఏం చూశారో రాసి పంపండి. దస్తూరీ ఎలా ఉన్నా ఫర్వాలేదు, వచ్చే సంచికలో ఈ పేజీ మొత్తం దానికే ఇస్తాను.