టీవీలో ఆడిన మారియో గేమ్‌బాయ్‌లో అచ్చం అలాగే ఉంటుందా?

చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన మారియోని మళ్ళీ ఆడాలనుంది, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ కలర్‌కి వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్ డీలక్స్' కొంటే పాత ఆటలాగే ఉంటుందా అని ఒకరు అడిగారు. స్టేజీలు అవే, పాట అదే, బొమ్మలూ అవే. అయినా మొదటి వారం చిరాకు పుడుతుంది. నాకు పుట్టింది.

1985 నాటి ఆ ఆట మా ఇంట్లో తొంభైల్లో దొరికిన చవక టీవీ గేమ్‌లో ఉండేది. ఒకే కాసెట్లో బోలెడు ఆటలు, అందులో మేం ఆడేది మారియో, కాంట్రా మాత్రమే. 1-1, అంటే మొదటి వరల్డ్‌లో మొదటి స్టేజీ, కళ్ళు మూసుకుని ఆడేవాణ్ణి. 2001 వేసవిలో మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి గేమ్‌బాయ్ తెస్తే, "ఇటివ్వు అన్నయ్యా, చూపిస్తా" అని గొప్పగా లాక్కున్నాను. 1-2 దాటకుండానే లైఫులన్నీ పోయాయి. వాడు నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

కారణం తర్వాత తెలిసింది. పాత ఆట తెర 256 పిక్సెళ్ళ వెడల్పు, గేమ్‌బాయ్ కలర్‌ది 160. బొమ్మల్ని చిన్నవి చేయకుండా తెరనే కోసేశారు. ఒక్కో ఇటుక 16 పిక్సెళ్ళు కాబట్టి టీవీలో 16 ఇటుకల మేర కనిపించేది ఇక్కడ పదే. పైనా కిందా కూడా కోతే. పరిగెత్తి దూకితే దిగే చోటు కనబడదు, 8-3లో సుత్తులు విసిరేవాళ్ళు మీద పడేదాకా తెలియదు. ఆగి పై బటన్ నొక్కితే పైకి, కింది బటన్ నొక్కితే కిందికి చూడొచ్చు, కొంచెం వెనక్కీ వెళ్ళొచ్చు. అంటే మన పాత దూకుడు వదిలేసి, ఆగి చూసి దూకడం నేర్చుకోవాలి. వేళ్ళకున్న అలవాటే మనకు శత్రువు.

ఇంతా చెప్పి, కొనమనే అంటాను. ఎందుకంటే అసలు మజా పాత ఆటలో కాదు, ఛాలెంజ్ మోడ్‌లో ఉంది. ప్రతి స్టేజీలో ఐదు ఎర్ర నాణేలు, యోషీ అనే డైనోసార్ గుడ్డు ఒకటి దాచిపెట్టారు, పైగా దాటాల్సిన స్కోరు ఒకటి. మొత్తం 32 స్టేజీలు, 160 నాణేలు. ఇన్నేళ్ళూ పరిగెత్తుకుంటూ దాటేసిన గోడల్ని ఒక్కొక్కటీ తలతో గుద్ది చూస్తాం. పాత ఆటలో లక్ష పాయింట్లు దాటితే బూ దెయ్యంతో పరుగు పందెం తెరుచుకుంటుంది. మూడు లక్షలకి 1986లో జపాన్‌లో వచ్చిన రెండో భాగం స్టేజీలు వస్తాయి. అవి చాలా కసిగా ఉంటాయి, నేను సగంలో వదిలేశాను.

సేవ్ ఉండటం ఇంకో వరం. మాకు కరెంటు పోతే మళ్ళీ 1-1 నుంచే. గేమ్ ఓవర్ అయ్యాక ఎ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే అదే వరల్డ్ మొదటి నుంచి వస్తుందని మాకెవరూ చెప్పలేదు!

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండ్, నకిలీలూ ఎక్కువే. సేవ్‌ని నిలిపేది కాసెట్ లోపలి చిన్న బిళ్ళ బ్యాటరీ. నేను ఆన్‌లైన్‌లో కొన్నదాంట్లో అది అయిపోయి, నాలుగు రోజులు ఏరిన నాణేలన్నీ ఒక్క రాత్రిలో మాయం. సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు టంకం ఊడదీసి కొత్తది వేశాడు. మీరు కొనగానే సేవ్ చేసి, ఒక రోజు ఆపి ఉంచి, మళ్ళీ పెట్టి చూడండి.

గేమ్‌బాయ్ కలర్ తెరకి లైటు ఉండదు, రాత్రి ట్యూబ్‌లైటు కింద మెడ వంచుకోవాలి. ఇదే కాసెట్ గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీలోనూ ఆడుతుంది, దానికి లైటుంది. నేను ఇప్పుడు అందులోనే ఆడుతున్నాను, ఇంకా పదకొండు గుడ్లు దొరకాలి.