దీర్ఘవృత్తంలో లోటు ఎక్కడ?

ప్రశ్న: లెక్కల్లో దీర్ఘవృత్తాన్ని ‘ఎలిప్స్’ అంటారు. వాక్యంలో మాట వదిలేసి మూడు చుక్కలు పెడితే ‘ఎలిప్సిస్’ అంటారు. ఈ రెంటికీ చుట్టరికం ఉందా? గుండ్రానికి తక్కువైంది కాబట్టే ఆ పేరు పెట్టారా?

జవాబు: చుట్టరికమేమిటి, రెండూ ఒకే మాట! గ్రీకులో ‘ఎల్లైప్సిస్’ అంటే లోటు, తక్కువపడటం. వాక్యంలో లోటు మాటది. గీతలో లోటు మాత్రం మీరనుకున్నట్టు గుండ్రానిది కాదు. ఉత్కేంద్రత (గీత గుండ్రానికి ఎంత దూరమో చెప్పే అంకె) 1 కన్నా తక్కువ కాబట్టి ఆ పేరొచ్చిందని కూడా కొందరు చెబుతారు. తక్కువన్న మాట నిజమే గానీ, పేరుకు కారణం అది కాదు.

ఈ పేరు పెట్టినవాడు పెర్గా ఊరి గ్రీకు గణితవేత్త అపొలోనియస్, క్రీ.పూ. 200 ప్రాంతంవాడు. అంతకుముందు ఆర్కిమెడిస్ వంటివాళ్లు దీన్ని ‘లఘుకోణ శంకువు కోత’ అనేవారు, అంటే కొన లఘుకోణంగా ఉన్న శంకువును కోస్తే వచ్చే గీత అని. ఏ శంకువునైనా కోసే వాలు మార్చితే చాలు, మూడు రకాల వక్రాలూ (దీర్ఘవృత్తం, పరావలయం, అతిపరావలయం) వస్తాయని అపొలోనియస్ చూపించాక ఆ పాత పేరు పొసగలేదు. వైశాల్యాల లెక్కల్లో అప్పటికే వాడుకలో ఉన్న ‘లోటు’ను తెచ్చి దీనికి పెట్టాడు.

ఆ లోటును మీరే కొలవండి, చదివితే సరిపోదు. 8 సెంటీమీటర్ల ఎడంలో రెండు గుండుసూదులు గుచ్చి, మధ్యలో 10 సెంటీమీటర్ల దారం ఉండేలా కొసలు కట్టి, పెన్సిల్‌తో బిగువుగా లాగుతూ గీయండి. 10 పొడవు, 6 వెడల్పు ఉన్న దీర్ఘవృత్తం వస్తుంది. ఒక సూది దగ్గర (ఆ చోటునే నాభి అంటారు) పొడవుకు లంబంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు గీసిన గీత 3.6 ఉంటుంది. అదే నాభిలంబం. ఇప్పుడు పొడవు కొస నుంచి 1 సెంటీమీటరు లోపలికి రండి. అక్కడ మధ్యగీత నుంచి అంచుకు ఎత్తు 1.8, దాని వర్గం 3.24. ఒక భుజం 1, ఇంకో భుజం 3.6 ఉన్న దీర్ఘచతురస్రం వైశాల్యం 3.6. వర్గానికి 0.36 లోటు! నడిమధ్యకు, అంటే 5 దగ్గరకు వస్తే దీర్ఘచతురస్రం 18, వర్గం 9. సగానికి సగం లోటు. కొస నుంచి ఎంత దూరం పోతే లోటు అంత పెరుగుతుంది. పరావలయంలో ఈ రెండూ ఎక్కడైనా సరిసమానం, అతిపరావలయంలో వర్గానిదే పైచేయి. ‘పారాబొలా’, ‘హైపర్‌బొలా’ పేర్లూ అలాగే పుట్టాయి. ఒకే కొలతతో మూడింటికీ పేర్లు పెట్టిన ఆ తెలివికి నేను ఇప్పటికీ ముగ్ధుణ్ణే.

మన ‘దీర్ఘవృత్తం’ కంటికి కనబడేది చెబుతుంది, గ్రీకు పేరు లెక్కను చెబుతుంది. దయచేసి ‘అండాకారం’ మాత్రం అనకండి. ‘ఓవల్’ అన్న మాట గుడ్డుకు లాటిన్ పేరైన ‘ఓవుమ్’ నుంచి వచ్చింది. గుడ్డుకు ఒక కొస మొద్దుగా, ఇంకోటి సన్నగా ఉంటుంది; దీర్ఘవృత్తానికి రెండు కొసలూ ఒకటే. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ కూడా అంగారకుడి దారికి ముందు గుడ్డు ఆకారాన్నే ప్రయత్నించి, లెక్క కుదరక వదిలేశాడు. చివరికి కుదిరింది దీర్ఘవృత్తమే. 1609లో అచ్చయిన ఆయన పుస్తకంలో సూర్యుడున్న చోటు దాని నాభి.