అమ్మలుకి, పిస్టల్ కొనే ముందు

బరంపురం

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి నీ హుషారు చూసి ముచ్చటేసి. రెండోసారి, ఎయిర్ పిస్టల్ కొని షూటింగ్ నేర్చుకుంటానంటూ నువ్వు అడిగినవన్నీ గుర్తుపెట్టుకోడానికి. మూడోసారి, వెనకాల మీ నాన్న "రెండు లక్షలు అవుతుందట, అది అడుగు ముందు" అంటున్నది సరిగ్గా వినబడక. బావకి చెప్పు, గొలుసు తాకట్టు సంగతి ఇప్పుడే వద్దు. పోటీలకి వాడే మంచి మ్యాచ్ పిస్టల్ ధర లక్షన్నర దాటే మాట నిజమే. కానీ కనీసం ఆరు నెలల దాకా నీకు దాని అవసరం లేదు. ఈ లోపల నీకు కావలసింది ఒక నీళ్ళ సీసా, ఒక ఖాళీ గోడ, ఒక నోటుపుస్తకం.

ఎన్‌సీసీ క్యాంపులో నీ ఐదు గుళ్ళూ రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయని సార్ మెచ్చుకున్నారన్నావు. సంతోషం. అది పడుకుని కాల్చిన పాయింట్ టూ టూ రైఫిల్. నేల నీ మోచేతుల్ని మోసింది, భుజం రైఫిల్ని మోసింది. పది మీటర్ల ఎయిర్ పిస్టల్లో మోసేవాళ్ళు ఎవరూ ఉండరు. నిలబడి, ఒక్క చెయ్యి చాచి, దాదాపు కిలో బరువు చేతి చివర పట్టుకుని అరవై గుళ్ళు కాల్చాలి. గంటా పదిహేను నిమిషాలు టైము. మధ్యలో ఉండే పది రింగు అడ్డం పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే నీ చిటికెన వేలి గోరుకి కాస్త అటూఇటూ. అరవైకి అరవై అందులో పడితే 600.

ముందు నీ కన్ను ఏదో తేల్చుకో. రెండు చేతులూ చాచి, బొటనవేళ్ళ మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న గోడ గడియారం చూడు. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడు. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే నీ కన్ను. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళందరికీ కుడికన్నే ఉంటుందని లేదు. నేను యూనిట్ టీంలో రెండేళ్ళు తప్పు కన్నుతో కాల్చాను, ఎవరూ చెప్పలేదు.

ఇక సీసా. లీటరు సీసా నిండా నీళ్ళు పోస్తే కిలో. గోడకి పక్కగా నిలబడు, పాదాలు భుజాలంత ఎడంగా, బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా. ఖాళీ చేతిని జేబులో పెట్టు, లేకపోతే నడుం బెల్టులో దూర్చు. సీసా ఎత్తి పది సెకన్లు పట్టు, దించు, అర నిమిషం ఆగు, మళ్ళీ ఎత్తు. మొదటి వారం ఇరవైసార్లు. మూడో రోజుకి భుజం పీకుతుంది, మీ అమ్మ జండూబామ్ పట్టుకొస్తుంది. రాయించుకో గానీ మానకు.

జేబు మాట ఎత్తాను కాబట్టి చెప్తున్నా. పారిస్ ఒలింపిక్స్‌లో జేబులో చెయ్యి పెట్టుకుని వెండి పతకం కొట్టిన ఆ టర్కీ ఆయన ఫోటో నువ్వే నాకు పంపావు, "మావయ్యా, ఏం స్టైల్!" అని. యూసుఫ్ దికేచ్. అప్పటికి ఆయనకి 51 ఏళ్ళు. ప్రపంచమంతా ఆయన్ని ఏదో కిరాయి హంతకుడిలా మీమ్స్ చేసింది. అది స్టైల్ కాదమ్మా. ఖాళీ చెయ్యి ఊగితే ఒళ్ళు ఊగుతుంది, అందుకే దాన్ని కట్టిపడెయ్యాలి. పిస్టల్ కాల్చే ఆడా మగా అందరూ చేసేదే. ఆయన కంటికి పెద్ద పెద్ద అద్దాలూ పలకలూ తగిలించుకోలేదు, రెండు కళ్ళూ తెరిచి కాలుస్తాడు, అదొక్కటే తేడా. దాని వెనక జెండార్మరీలో, అంటే వాళ్ళ సైనిక పోలీసుల్లో, ఉద్యోగమూ, ఏళ్ళ తరబడి ప్రాక్టీసూ ఉన్నాయి. మీమ్‌లో అవి పట్టవు.

పిస్టల్ చేతికొచ్చాక అందరూ చేసే తప్పు ఒకటుంది. టార్గెట్ చూస్తారు. చూడాల్సింది ఫ్రంట్ సైట్, గొట్టం చివర గురి చూసుకోడానికి నిలబెట్టిన చిన్న ముక్క. అది సూదిలా స్పష్టంగా కనబడాలి, నల్ల గుండ్రం వెనకాల మసగ్గా ఉండాలి. మనసు ఒప్పుకోదు, కొట్టాల్సింది అది కదా అంటుంది. నాకు మా హవల్దార్ మేజర్ ఒక మాట చెప్పేవాడు: పెళ్ళికూతురి బొట్టు చూడు, వెనకాల పందిరి ఎలా ఉంటే నీకేం. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మొయ్యాలని రూలు. లాగకూడదు. నిండిన అత్తరు సీసా మూత తీస్తున్నట్టు మెల్లగా, ఎప్పుడు పేలిందో నీకే తెలియనంత మెల్లగా బిగించాలి. పేలాక కూడా చెయ్యి దించకు, ఒక్క క్షణం అలాగే ఉండు.

అసలు కష్టం ఇప్పుడు చెప్తాను. చెయ్యి ఎత్తావు, సైట్ కుదరలేదు, ఏడెనిమిది సెకన్లు దాటాయి, ఊపిరి బిగుస్తోంది. అప్పుడు మనసు "కొట్టేయ్, కొట్టేయ్" అంటుంది. కొట్టావా, పదికి ఏడే. దించేశావా, ఏమీ పోదు. ఆ దించడం నేర్చుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది. నువ్వు మొదటి రోజు నుంచీ నేర్చుకో. నోటుపుస్తకంలో స్కోరు తర్వాత రాద్దువు గాని, కాల్చకుండా దించిన ప్రతిసారీ ఒక గీత పెట్టు. చాలా గీతలుంటే నేను మెచ్చుకుంటాను. మన షూటర్ మను భాకర్ టోక్యో ఒలింపిక్స్‌లో ఆడుతున్నప్పుడు మధ్యలో పిస్టల్ మొరాయించింది, నిమిషాలు పోయాయి, ఫైనల్ తప్పింది. మూడేళ్ళ తర్వాత పారిస్‌లో రెండు కంచు పతకాలు. మధ్యలో ఆ పిల్ల ఎన్నిసార్లు చెయ్యి దించి ఉంటుందో!

మన పర్లాకిమిడి ఇల్లు వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా రైలుపెట్టెలా ఉంటుంది, పది మీటర్లు హాయిగా వస్తుంది. నీకు ఆ ఆలోచన వచ్చే ఉంటుంది, నాకు తెలుసు. వద్దు. మధ్య గదిలోంచి అమ్మమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని ఎప్పుడు అడ్డొస్తుందో ఆవిడకే తెలియదు. ఇంట్లో పెల్లెట్, అంటే ఎయిర్ పిస్టల్ గుండు, లేకుండా, ఖాళీ గోడ మీదే ప్రాక్టీసు. పెల్లెట్ వెయ్యడం రేంజ్‌లోనే. ఇక్కడ నాకు తెలిసినాయన దగ్గర రెండు లేన్లున్నాయి, పిస్టల్ ఆయనే ఇస్తాడు. నెలకి రెండు శనివారాలు బస్సెక్కి రా, రాత్రికి మా ఇంట్లో ఉండు, అత్త చేపల పులుసు పెడుతుంది. ఆరు నెలల తర్వాత కూడా ఈ పిచ్చి వదలకపోతే భువనేశ్వర్ కళింగ స్టేడియంలో షూటర్ గగన్ నారంగ్ వాళ్ళతో కలిసి పెట్టిన సెంటరుంది, అక్కడ చూపిద్దాం. పోటీలంటే రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ ద్వారా వెళ్ళాలి. నేషనల్స్‌కి ముందు ఆడే పోటీ పేరు మావలంకర్. లోక్‌సభ మొదటి స్పీకర్ ఆయనే, 1951లో జాతీయ రైఫిల్ సంఘం మొదలైంది కూడా ఆయన చేతుల మీదుగానే. సభలో అంత గోల భరించినాయనకి నిశ్శబ్దంగా ఉండే ఆట నచ్చిందంటే ఆశ్చర్యం ఏముంది!

రేంజ్‌లో తిండి ముట్టుకోకు. పెల్లెట్లు సీసంవి, చేతులు సబ్బుతో కడిగాకే టిఫిన్ డబ్బా తియ్యి. పిస్టల్ కింద పెట్టినప్పుడల్లా గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్, ఆ రంగు తీగ, బయటికి కనబడుతూ ఉండాలి. గాలి సిలిండర్ మీద తేదీ చూసుకో, పదేళ్ళు దాటినదాన్ని పోటీలో పక్కన పెట్టించేస్తారు. "స్టాప్" అని వినబడితే వేలు ఎక్కడున్నా తీసెయ్, సగం బిగించిన గుండయినా సరే.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో మీ అమ్మకి కూడా తెలియదు. రిటైరయ్యాక నేను ఒక బ్యాంకులో గార్డుగా చేశాను కదా, భుజాన డబల్ బ్యారెల్ పన్నెండు బోరు. ఓ పింఛను రోజు, ఒక ముసలావిడకి ఫారం నింపడం రాలేదు. తుపాకీ కుర్చీకి ఆనించి, పెన్ను తీసుకుని, ఆవిడ పేరు రాస్తున్నాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. తల తిప్పితే నాలుగేళ్ళ పిల్లాడొకడు కుర్చీ దగ్గర కూర్చుని, నోట్లో బిస్కట్టు పెట్టుకుని, ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప చుట్టులో వేలు పెట్టి చూస్తున్నాడు. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి. గొట్టం కౌంటరు వైపు ఉంది. నేను అరవలేదు, అరిస్తే వాడు ఉలిక్కిపడతాడు. నడిచి వెళ్ళి, వాడి వేలు బిస్కట్టు తీసుకున్నట్టు మెల్లగా తీశాను. వాళ్ళమ్మ లైన్లోంచి నవ్వుతూ "అల్లరోడు బాబూ" అంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో పనిచేసినవాడిని, ఎవరికి చెప్పుకుంటాను? ఎయిర్ పిస్టలే కదా అని నువ్వు అనుకోకూడదనే ఇప్పుడు చెప్తున్నాను.

చట్టం సంగతి. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్, గుండు వేగంలో 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదైతే, లైసెన్సు అక్కర్లేదు. కానీ చూడ్డానికి తుపాకీయే. పాతపట్నం దాటేటప్పుడు పోలీసు పెట్టె తెరిపించి "ఏటా కణ?" (ఇదేంటి?) అంటే నవ్వొద్దు, కంగారూ వద్దు. తాళం వేసిన పెట్టె, కొన్న బిల్లు, క్లబ్ కార్డు. నీ ఒడియా నా ఒడియా కంటే నయం, నువ్వే మాట్లాడు. ఒడియాలో తుపాకీని బంధుక అంటారు కదా, నాకు ఎప్పుడూ బంధువులా వినిపిస్తుంది. అలాంటి బంధువుని పెట్టెలోనే ఉంచాలి, పదిమంది ముందుకి తేకూడదు. ఇన్‌స్టాలో ఫోటో పెట్టొద్దు. మెడల్ పెట్టుకో, పిస్టల్ కాదు.

మీ నాన్న అడిగాడట, ఇంట్లో షూటర్ ఉంటుంది కదా, ఆయన కూడా ఒక లైసెన్సు పెట్టుకుంటే ఎలా ఉంటుందని. బావకి నా దండం. ఆత్మరక్షణకి అసలైన తుపాకీ కావాలంటే పోలీసు విచారణ, 21 ఏళ్ళ వయసు, ఐదేళ్ళకోసారి రెన్యువల్. ఎన్నికలొచ్చాయంటే, పోలీసులు అడిగితే స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకోవాలి. 2019లో చట్టం మార్చి, ఒక మనిషికి మూడు తుపాకులుండేవి రెండుకి తగ్గించారు, సంబరాల్లో కాల్చేవాళ్ళకి రెండేళ్ళ దాకా జైలు పెట్టారు. మన పెద్దోడి పెళ్ళిలో వియ్యాలవారు నన్ను పట్టుకుని "గాల్లోకి ఒక్కటి" అన్నప్పుడు నేను ఒప్పుకోలేదని ఇప్పటికీ ముఖం ముడుచుకుంటారు. పైకి వెళ్ళిన గుండు కిందకి రాదనుకుంటారు కాబోలు.

కాలేజీ డిబేట్‌కి పాయింట్లు అడిగావు, అందరి దగ్గరా తుపాకీ ఉండాలా అని. అమెరికాలో అది 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న హక్కు, అందుకే వాళ్ళ గొడవ తెగదు. మన దగ్గర అది హక్కు కాదు, అనుమతి. నువ్వు ఏ వైపైనా మాట్లాడు. కానీ 1996 మార్చిలో స్కాట్లండ్‌లో డన్‌బ్లేన్ అనే ఊళ్ళో జరిగింది చదివి వెళ్ళు. లైసెన్సున్న తుపాకులతోనే ఒకడు బడిలోకి వెళ్ళి పదహారుమంది పిల్లల్నీ, టీచర్నీ చంపాడు. ఆ మరుసటి ఏడు బ్రిటన్ చేతి తుపాకుల్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. అక్కడి పిస్టల్ షూటర్లు ప్రాక్టీసుకి స్విట్జర్లండ్ దాకా వెళ్ళాల్సొచ్చింది. అదే 1996 ఏప్రిల్లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడి కాల్పులకి ముప్పై ఐదుమంది పోయాక ఆస్ట్రేలియా ఆరున్నర లక్షల తుపాకులు జనం దగ్గర కొని నాశనం చేసింది. షూటర్లకి నష్టం జరిగింది, నేను కాదనను. కానీ ఆ పదహారుమంది ముందు మన ఆట కష్టాలు చెప్పుకోడానికి నాకు నోరు రాదు. నీకొస్తే చెప్పు, వింటాను.

ఇంకొకటి. మన కొండల మీద నాటు తుపాకీ ఇప్పటికీ ఉంది. మహేంద్రగిరి వైపు వెళ్తే ఎవడో ఒకడు చూపిస్తాడు. పంది అనుకుని మనిషిని కాల్చిన వార్త ఏడాదికి ఒకటైనా పేపర్లో చదువుతూనే ఉన్నాం. మీ తమ్ముడు నీ పిస్టల్ చూసి పెరట్లో గువ్వల మీద పడతాడు, వాడికి ముందే చెప్పు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. అరుణాచల్‌లో 2021లో సర్కారు పిలుపిస్తే జనం ఎయిర్‌గన్నులు తెచ్చి ఇచ్చేశారు, అడవిలో పిట్టల అరుపు తగ్గిపోయిందని. వాడికి ఫోన్లో ఆట ఉంది కదా, అందులో ఎన్ని కావాలంటే అన్ని పేల్చుకోనీ.

బూట్లు మాత్రం ఇప్పుడే కొను, అరికాలు చదునుగా ఉన్నవి, మడమ ఎత్తు లేనివి. ఐదారు వందల్లో బజార్లోనే దొరుకుతాయి. అన్నిటికంటే ముందు కావలసింది అదే, నేను చివర్లో రాస్తున్నాను, వయసు.

రథయాత్రకి వస్తున్నాం, నేనూ అత్తా. నోటుపుస్తకం తీసి ఉంచు. గీతలు లెక్కపెడతాను.

మీ మావయ్య