డబ్బా అడుగున మిగిలిన కాఫీ గింజల గురించి

చిరంజీవి అమ్మాయికి, ఒడిశా జయపురం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. అలమరలో ఐదు పొట్లాలు, ఒక్కోదాంట్లో గుప్పెడు గింజలు. కొరాపుట్‌వి రెండు, అరకువి ఒకటి, చిక్‌మగళూరుది ఒకటి, ఏ ఊరివో నీకే గుర్తులేనిది ఇంకొకటి. పారేయడానికి మనసు రావడం లేదన్నావు. పారేయకు తల్లీ. ఒక ఫిల్టర్‌కి వేసే 20 గ్రాముల్లో సుమారు 150 గింజలు ఉంటాయి. పండుకి రెండు గింజలు, అంటే 75 పండ్లు. నవంబరు నుంచి జనవరి దాకా కొండమీద ఆడవాళ్ళు ఎర్రబడ్డవి చూసి చేత్తో ఒక్కొక్కటీ కోసినవి అవి.

అలాగని ఐదూ ఒకే డబ్బాలో పోసెయ్యకు. నేనొకసారి ఆ పని చేశాను. ఒక పొట్లంలో గింజలకు పాత నూనె వాసన పట్టింది, నేను చూసుకోలేదు. దానితో కలిపిన మంచి గింజలు అరకిలో పాడైపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

కాబట్టి ముందు వాసన చూడు. పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే సరిగ్గా తెలియదు. ఒక్కో పొట్లంలోంచి నాలుగు గింజలు చిన్న రోట్లో నలగ్గొట్టి చూడు. కమ్మగా వస్తే తాగొచ్చు. అసలు వాసనే లేకపోతే పాతబడ్డాయి, అయినా పనికొస్తాయి. పాత నూనె వాసనో బూజు వాసనో వస్తే మాత్రం తాగకు. నూనె వాసన పట్టినవాటిని కూడా మొక్కలకు ఎరువులో కలిపెయ్యొచ్చు.

తర్వాత రంగు చూడు. లేతగా వేగిన గింజ గట్టిగా ఉంటుంది, నల్లగా వేగింది పెళుసుగా ఉంటుంది. రెండూ కలిపి మిక్సీ తిప్పితే నల్లది పిండైపోతుంది, లేతది పలుకుగానే ఉండిపోతుంది. అప్పుడు ఒకటి చేదు దించుతుంది, ఇంకొకటి పులుపు. విడివిడిగా పొడి చేసి ఫిల్టర్‌లో కలుపుకో. గుప్పెడు గింజలు పెద్ద జారులో బ్లేడుకి అందవు, చట్నీ జారు తియ్యి. మూడు నాలుగు సెకన్లు తిప్పడం, ఆపడం, జారు కుదపడం, మళ్ళీ తిప్పడం. ఆపకుండా తిప్పితే పొడి వేడెక్కి వాసన అక్కడే పోతుంది.

పాలు పోసుకునే కాఫీకైతే రొబస్టా రకం గింజలు ఏమైనా మిగిలి ఉంటే ఒక వంతు వేసి, మన కొండల అరబికా రకం రెండు వంతులు వెయ్యి. చిక్కదనం దాంట్లోంచి వస్తుంది, సువాసన దీంట్లోంచి. పొడి మీద ముందు కాసిని వేడినీళ్ళు పోసి అర నిమిషం ఆగు. బుడగలు కట్టి పొంగితే గింజలో ఇంకా జీవం ఉన్నట్టే. పొంగకపోతే ఇంకో చెంచా పొడి ఎక్కువ వెయ్యి.

వాసన తగ్గిన గింజలకు నాకు తెలిసిన మంచి దారి చల్లనీళ్ళు. బరకగా కొట్టి, 40 గ్రాముల పొడికి 320 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి రాత్రంతా మూతపెట్టి ఉంచు. పొద్దున్నే పలచని గుడ్డలో వడకట్టు. చేదు తక్కువగా దిగుతుంది, పాలూ బెల్లమూ కలిపితే బాగుంటుంది. వేడిగా కావాలంటే మామూలు డికాషన్‌లో కాస్త శొంఠి, బెల్లం వేసుకో. ఈ ఆషాఢం వానల్లో, కొండ చలిలో దానంత హాయి మరొకటి లేదు.

వెంటనే వాడలేనివి ఒక్కో ఫిల్టర్‌కి సరిపడా చిన్న పొట్లాలు కట్టి, గాలి చొరకుండా డీప్ ఫ్రీజర్‌లో పెట్టు. కింద కూరగాయల అరలో వద్దు, చెమ్మా వాసనలూ పట్టేస్తాయి. బయటకు తీశాక పొట్లం చల్లదనం పోయేదాకా విప్పకు, లేకపోతే గింజలకు నీరు పడుతుంది. ఒకసారి తీసింది మళ్ళీ లోపల పెట్టొద్దు.

ఫిల్టర్‌లో మిగిలిన పిప్పి ఆరబెట్టి ఎరువులో కలుపు. కుండీ మట్టిమీద మందంగా పరిస్తే అట్టకట్టి నీళ్ళు ఇంకవు.

ఇవన్నీ ఎందుకు మిగిలాయో కూడా నాకు తెలుసు. మన జిల్లాలు 1936లో మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినా మన ఇళ్ళలో కాఫీ పోలేదు. కానీ మీ ఆయన టీ తాగుతాడు, ఇరుగుపొరుగూ టీయే. నువ్వొక్కదానివే కాఫీ. మంచి గింజలు వస్తే చుట్టాలొచ్చినప్పుడు తీద్దామని దాచావు. నేనూ అలాగే దాచేదాన్ని. వేయించిన గింజ ఎవరికోసమూ ఆగదమ్మా, నెల దాటితే దాని రుచి దాన్ని వదిలి పోతుంది. మంచివి ముందు నువ్వే తాగు.

దసరాకి రాయగడ నుంచి వచ్చేటప్పుడు ఖాళీ సీసా ఒకటి పట్టుకురా. ఈసారి పావుకిలో ఇవ్వను, 100 గ్రాములే ఇస్తాను. అది అయిపోయాక ఫోన్ చెయ్యి, మళ్ళీ పంపిస్తాను.

మీ పెద్దమ్మ