చికెన్ స్టూలో కొబ్బరిపాలు విరగకుండా

ప్రశ్న: అప్పంలోకి కేరళ చికెన్ స్టూ ఒకే గిన్నెలో చేస్తే చివర్లో పాలు విరిగి నూనె తేలుతోంది. బంగాళాదుంప ముద్దయిపోతోంది, చికెనేమో గట్టిగా ఉంటోంది. కొలతలతో చెప్పండి.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అన్నీ ఒకేసారి వేసి పెద్ద మంట మీద తెర్లిస్తే మూడూ జరుగుతాయి.

ముప్పావు కిలో ఎముకల చికెన్‌కి ఒక పెద్ద కొబ్బరికాయ తీసుకోండి. తురుములో ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు పోసి మిక్సీ పట్టి పిండితే చిక్కటి పాలు వస్తాయి. పిప్పిలో రెండు కప్పుల నీళ్లు పోసి మళ్లీ పిండితే పల్చటి పాలు. చికెన్ ఉడకాల్సింది పల్చటి పాలలోనే.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో 2 టేబుల్‌స్పూన్ల కొబ్బరినూనె కాగాక 2 అంగుళాల దాల్చినచెక్క, 5 లవంగాలు, 4 యాలకులు, టీస్పూన్ కచ్చాపచ్చా మిరియాలు వేయండి. పొడవుగా తరిగిన 2 ఉల్లిపాయలు, అంగుళం అల్లం తరుగు, చీల్చిన పచ్చిమిర్చి 5, కరివేపాకు వేసి మగ్గించండి. ఉల్లి ఎర్రబడకూడదు, స్టూ తెల్లదనం పోతుంది. పసుపు, కారం ఊసే వద్దు. చికెన్ వేసి తెల్లబడేదాకా తిప్పి, ఉప్పు, పల్చటి పాలు వేసి, మూతపెట్టి సన్నమంటపై 15 నిమిషాలు ఉంచండి. తర్వాత అంగుళం ముక్కలుగా కోసిన 2 బంగాళాదుంపలు, ఒక క్యారెట్ వేసి ఇంకో 12 నిమిషాలు. పచ్చిబఠాణీ వేస్తే చివరి 5 నిమిషాల్లో చాలు. చాకు దుంపలోకి సులువుగా దిగాలి, ముక్క మాత్రం విడిపోకూడదు. అప్పుడు మంట బాగా తగ్గించి చిక్కటి పాలు పోయండి. గిన్నె అంచున చిన్న బుడగలు కనిపించగానే దింపేయాలి.

కొబ్బరిపాలలో కొవ్వును నీళ్లతో కలిపి ఉంచేది అందులోని ప్రొటీన్లే. తెర్లితే అవి గడ్డకట్టి కొవ్వు విడిపోతుంది, పులుపు తగిలితే ఇంకా తొందరగా. అందుకే టమాటా వద్దు, నిమ్మరసం కావాలంటే దించాక. భయమనిపిస్తే చిక్కటి పాలకు ముందు టీస్పూన్ బియ్యప్పిండిని చల్లటి నీళ్లలో కలిపి పోసి, 2 నిమిషాలు ఉడికించండి. విరిగాక మాత్రం పాలు మళ్లీ కలవవు. రెండు దుంప ముక్కలు చిదిపి కలిపితే చిక్కబడుతుంది, రుచికి లోటుండదు.

చికెన్‌లో లెగ్ పీసులు ఎక్కువ ఉండేలా చూసుకోండి. బ్రెస్ట్ ముక్కలే ఎక్కువైతే పెద్ద మంటకి పీచులా తయారవుతాయి.

ప్రశ్న: నాటుకోడితో కుక్కర్‌లో చేయొచ్చా?
– కరీంనగర్ నుంచి

జవాబు: చేయొచ్చు, కానీ కుక్కర్‌లో పాలు పోయొద్దు. కప్పున్నర నీళ్లతోనే 4, 5 విజిళ్లు రానివ్వండి. ముదురు కోడైతే ఇంకో రెండు. మూత తీసి దుంప, క్యారెట్ అందులోనే ఉడికించి, చిక్కటి పాలు చివర్న పోయండి.

ప్రశ్న: ప్యాకెట్ కొబ్బరిపాలు వాడొచ్చా? మిగిలితే ఎలా?
– డాలస్ నుంచి

జవాబు: 200 మిల్లీలీటర్ల ప్యాకెట్‌లో సగానికి కప్పున్నర నీళ్లు కలిపితే పల్చటి పాలు, మిగిలిన సగం చివర్లో పోయడానికి. మిగిలిన స్టూ రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తినేంత తీసి, సన్నమంట మీద కలుపుతూ పొగలు వచ్చేదాకా వేడిచేస్తే సరి.